ఇంటి బుజ్జికుక్క పోయిన రోజు చేయాల్సినవి, ఆ తర్వాత చేయాల్సినవి

రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ మనకి ఎక్కువ సమయం ఇవ్వదు. పొద్దున పోయిన కుక్కని సాయంత్రంలోపు మట్టికి చేర్చాలి. ఈ మధ్యలో చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. ఏడుస్తూనే చేసుకోవచ్చు, కానీ అప్పుడు చేయకపోతే మళ్లీ చేయలేం.

ముందు ప్రాణం పోయిందో లేదో చూసుకోండి. ఎడమ మోచేయి వెనక రొమ్ము మీద వేళ్లు ఆనించి మూడు నిమిషాలు ఉండండి. దూదితో కనుగుడ్డుని తాకినా రెప్ప కదలకపోతే పోయినట్టే. ఎత్తేటప్పుడు లోపలి గాలి బయటికొచ్చి మూలిగినట్టు వినపడుతుంది, దానికి ఉలిక్కిపడొద్దు. కళ్లు వాటంతట అవి మూతపడవు.

రెండు మూడు గంటల్లో ఒళ్లు బిగుసుకుంటుంది, ఎండాకాలం ఇంకా ముందే. ఆలోపే అది రోజూ పడుకునే తీరులో కాళ్లు ముడిచి, తల వాల్చి పెట్టండి. కాళ్లు చాపుకుని బిగుసుకుంటే గుంత పెద్దది తవ్వాల్సొస్తుంది. మూత్రం కారుతుంది కాబట్టి కింద పాత పేపర్లు నాలుగైదు మడతలు వేయండి. ఒళ్లు చల్లబడేకొద్దీ గోమార్లు దిగి పాకుతాయి, అందుకే మంచం మీదా సోఫా మీదా పడుకోబెట్టొద్దు. ఆలస్యమయ్యేట్టుంటే గడ్డకట్టిన నీళ్ల సీసాలకి గుడ్డ చుట్టి పొట్టకి ఆనించండి, ముందు ఉబ్బేది పొట్టే.

పిచ్చి కుక్క లక్షణాలేమన్నా ఉండి చనిపోయుంటే ఇవేవీ వద్దు. తాకకుండా పశువుల ఆసుపత్రికి చెప్పండి. పార్వో అనే వాంతులు, రక్తవిరేచనాల జబ్బుతో పోయుంటే దాని గిన్నె, పక్కబట్ట ఇంకో కుక్కకి ఇవ్వొద్దు, ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. ఈ రెండూ కాకపోతే, ఇంట్లో ఇంకో కుక్క ఉంటే దాన్ని వచ్చి వాసన చూడనివ్వండి. చూడని కుక్క రోజుల తరబడి గేటు దగ్గర ఎదురుచూడొచ్చు. అది రెండు రోజులు ముద్ద ముట్టకపోతే మాత్రం డాక్టరుకి చూపించాలి.

గుర్తుకి చెవి వెనక నుంచో తోక నుంచో చిటికెడు వెంట్రుకలు కత్తిరించి కాగితపు కవరులో దాచండి. ప్లాస్టిక్ కవరైతే మన తీరం చెమ్మకి బూజు పడుతుంది. కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే, చెమ్మ పీల్చే చిన్న పొట్లం ఒకటి అందులో వేస్తే సరి. పాదం ముద్రకి గోధుమపిండి వాడొద్దు, చీమలు తినేస్తాయి. పిల్లలు ఆడుకునే క్లే అంగుళం మందాన పరిచి, పమేరియన్ లాంటిదైతే వేళ్ల మధ్య బొచ్చు కత్తిరించి, పాదాన్ని నిటారుగా నొక్కి నిటారుగానే ఎత్తండి. పక్కకి లాగితే గోళ్ల గుర్తులు చెదిరిపోతాయి. ఆ గుంటలో కొబ్బరినూనె పలచగా రాసి, ఒక గ్లాసు నీళ్లకి రెండు గ్లాసుల ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపి పోయండి. పొడిని నీళ్లలో వేయాలి, నీళ్లు పొడిలో పోస్తే ఉండలు కడుతుంది. దోసెల పిండంత జారుగా ఉండాలి. గంట తర్వాత క్లే ఊడదీస్తే పాదం పైకి తేలి కనిపిస్తుంది, చిన్న వేలి పక్కన గీత సైతం.

ఇక గుంత. ఐదారు కిలోల కుక్కకి రెండున్నర అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల లోతు కావాలి. రెండడుగులకే ఆపితే వీధికుక్కలు తవ్వుతాయి. డాక్టరు సూది వేసి నిద్రపుచ్చిన కుక్కైతే ఆ మందు ఒంట్లోనే ఉంటుంది, తిన్న కుక్క ప్రాణానికే ముప్పు. బావికీ బోరుకీ దూరంగా, సొంత స్థలంలోనే తవ్వండి. అద్దె ఇల్లయితే ఓనర్‌ని అడగాలి. పెన్న ఇసుకలో వద్దు, వరదకో ఇసుక తవ్వకాలకో బయటపడుతుంది. ఇందుకూరుపేట, విడవలూరు వైపు వానాకాలంలో మూడడుగులకే నీరు ఊరొచ్చు. అక్కడ గట్టు మీద ఎత్తయిన చోటు చూసుకోండి. దర్శి వైపు నేల గట్టి, రెండు బకెట్ల నీళ్లు పోసి అరగంట ఆగితే గడ్డపార దిగుతుంది.

పాత నూలు దుప్పట్లో చుట్టండి, ప్లాస్టిక్ వద్దు. బెల్టు, గొలుసు తీసేయండి. అడుగు మందం మట్టి కప్పాక చిల్లకంప ఒక వరస పరిచి, మళ్లీ మట్టి వేసి, పైన రాళ్లు పేర్చండి. సున్నం వేస్తే త్వరగా కలిసిపోతుందంటారు. నిజానికి ఆలస్యమవుతుంది. ఉప్పు ఆచారమనుకుంటే గుప్పెడు చాలు, కిలోలు పోస్తే అక్కడ మొక్క బతకదు.

గుర్తురాయికి చీమకుర్తి గ్రానైట్ ముక్క బాగుంటుంది. నునుపు వైపు ఎనామెల్ రంగుతో పేరు రాస్తే పెచ్చులూడుతుంది, గరుకు వైపు రాయండి, లేదా చెక్కించండి. ఇంట్లో పెట్టుకునేందుకు మార్కాపురం పలక మీద మేకుతో గీసిన పేరు చాలు.

"కుక్కకి కూడా ఏడుస్తారా?" అని ఎవరో ఒకరు అంటారు. కుక్కని విడిచి స్వర్గానికి రానన్న ధర్మరాజు కథని తెనిగించిన తిక్కన ఈ నెల్లూరు వాడే, అంతవరకు చెప్పి ఊరుకోండి. పిల్లలకి మాత్రం నిద్రపోయిందనో ఊరెళ్లిందనో చెప్పొద్దు. నిద్రంటే భయపడతారు, లేదా తిరిగొస్తుందని చూస్తారు. చచ్చిపోయింది, ఇక రాదు, దానికి నొప్పి లేదు అని ఆ మాటల్లోనే చెప్పండి.

ఎక్కువ మందిని తినేది "ముందే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లుంటే" అన్న ఆలోచన. ఒక కాగితం మీద తేదీల వారీగా రాయండి: దగ్గు ఎప్పుడు మొదలైంది, తిండి ఎప్పుడు తగ్గింది, ఎప్పుడు చూపించారు. కిడ్నీ జబ్బు మూడింట రెండొంతులు పాడయ్యేదాకా పైకి కనపడదు. ముసలి చిన్న కుక్కల గుండె కవాటం జబ్బూ చాలాకాలం చడీచప్పుడు లేకుండా ఉంటుంది. రాసింది చూస్తే మీకు తెలిసిన రోజుకీ మీరు కదిలిన రోజుకీ మధ్య ఎంత తక్కువ ఉందో కనిపిస్తుంది.

మొక్క వెంటనే నాటొద్దు, కింద నేల కుంగుతుంది. ఆరు నెలలాగి, రెండడుగులు పక్కగా పారిజాతం పెట్టండి. గన్నేరు వద్దు, ఇంకో కుక్క ఆకు నమిలితే విషం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకి గుంత తప్పకుండా కుంగుతుంది. జనవరిలో రెండు తట్టల మట్టి పోసి, రాయిని మళ్లీ సరిగా నిలబెట్టండి.