కమాన్ కట్టలా, కాయిల్ స్ప్రింగులా: సొంతంగా కట్టించిన ఆఫ్‌రోడ్ బండి సస్పెన్షన్‌ను సరిపోల్చే విధానం

కమాన్ కట్టలు (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు ఆకుల స్ప్రింగులు) తీసేసి కాయిల్ స్ప్రింగులు (చుట్టల స్ప్రింగులు) వేయించిన బండిని మొదటిసారి బయటికి తీసిన రోజు ఎవరికైనా అది మునుపటికంటే మెత్తగానే అనిపిస్తుంది. వారాల తరబడి షెడ్డులో నిలిచిపోయిన బండి మళ్లీ కదిలిందన్న సంతోషంలో ప్రతి గతుకూ చిన్నదిగానే తోస్తుంది. అసలు సంగతి నిండు బరువుతో వంక దాటేటప్పుడో, మలుపులో బండి ఒక పక్కకు ఒరిగినప్పుడో గాని తెలియదు. అనంతపురం చుట్టుపక్కల పికప్ ఛాసిస్ మీద కట్టించిన నాలుగు చక్రాల డ్రైవ్ బండిని కొన్నేళ్లుగా నడుపుతూ, దాని సస్పెన్షన్‌ను మూడుసార్లు మార్చిన అనుభవంతో నేను నమ్మేది ఒకటే. పాతదాన్ని కొలవకుండా కొత్తదాన్ని మెచ్చుకోకూడదు, కొత్తదాన్ని కొలిచాక మళ్లీ పాతదానికి వెళ్లి చూడకుండా తీర్పు చెప్పకూడదు.

ముందుగా చట్టం సంగతి చెప్పాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడానికి వీల్లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా దీన్నే గట్టిపరిచింది. కాబట్టి ఎత్తు పెంచి, లింకులు మార్చి కట్టించిన బండిని పరీక్షించడానికి యజమాని అనుమతి ఉన్న ప్రైవేటు భూమినే ఎంచుకోవాలి, అక్కడికి దాన్ని మరో వాహనం మీద తరలించాలి. నల్లమల అడవి, రోళ్లపాడు అభయారణ్యం వంటి రక్షిత ప్రాంతాల జోలికి అసలు వెళ్లకూడదు. రోళ్లపాడు గడ్డిభూమి బట్టమేక పిట్టల కోసం కాపాడుతున్న నేల, అది మన టైర్లకు తగిన చోటు కాదు.

మీ బండి కింద ఏముందో ముందుగా కాగితం మీద రాసుకోండి. పాత జీపుల్లో నాలుగు మూలలా కమాన్ కట్టలే ఉండేవి. 2010లో వచ్చిన థార్‌కు ముందు టార్షన్ బార్లతో (మెలి తిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలతో) కూడిన ఇండిపెండెంట్ సస్పెన్షన్ (రెండు చక్రాలూ దేనికది విడిగా కదిలేది), వెనక కమాన్ కట్టలు ఉన్నాయి. 2020 థార్‌లో ముందు డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రాన్ని కింద ఒకటి, పైన ఒకటిగా రెండు చేతులు పట్టుకునే అమరిక), వెనక కాయిల్ స్ప్రింగుల మీద లింకులు (ఛాసిస్‌కు కలిపే కడ్డీలు) పట్టుకున్న హౌసింగ్ (రెండు చక్రాలను కలిపే ఇరుసు గొట్టం) ఉన్నాయి. శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్‌కు ముందు డబుల్ విష్‌బోన్ ఉన్నా, వెనక మాత్రం బరువు మోయడానికి కమాన్ కట్టలనే ఉంచారు. వీటిలో ఏ ఛాసిస్ తీసుకుని ఏం మార్చారన్నదాని మీదే మీ పోలిక ఆధారపడి ఉంటుంది. కమాన్ కట్ట స్ప్రింగు పనితో పాటు హౌసింగ్‌ను నిలబెట్టే పని కూడా చేస్తుందని, కాయిల్ మాత్రం బరువును మోస్తుందే తప్ప హౌసింగ్‌ను పట్టుకోదని, ఆ పనికి లింకులు, పాన్‌హార్డ్ రాడ్ (హౌసింగ్ పక్కకు జరగకుండా అడ్డంగా పట్టే కడ్డీ) వేరుగా కావాలని గుర్తుంచుకుంటే ముందు ముందు వచ్చే ఫలితాల్లో సగం అర్థమవుతాయి.

సరిపోల్చేటప్పుడు సస్పెన్షన్ ఒక్కటే మారాలి, మిగతావన్నీ మారకుండా ఉండాలి. అవే టైర్లు, అదే గాలి, ట్యాంకులో అంతే డీజిల్, అదే డ్రైవరు, అంతే సామాను. గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. టైరు ఉష్ణోగ్రత సుమారు 5 నుంచి 6 డిగ్రీలు పెరిగితే గాలి దాదాపు 1 పీఎస్ఐ పెరుగుతుంది. ఏప్రిల్‌లో ఉదయం 6 గంటలకు ఒక అమరికను, మధ్యాహ్నం 2 గంటలకు ఇంకొక అమరికను నడిపిన మనిషి, తాను స్ప్రింగులను పోల్చానని అనుకుంటాడు గాని నిజానికి టైర్ల గాలిని పోల్చి ఉంటాడు. బండిని వే బ్రిడ్జి మీద మూడుసార్లు తూయించండి: మొత్తం బండిని ఒకసారి, ముందు చక్రాలను మాత్రమే ఒకసారి, వెనక చక్రాలను మాత్రమే ఒకసారి. సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాయి గనులు ఉన్న మన జిల్లాల్లో కాటా దొరకడం కష్టం కాదు.

నిలబెట్టి కొలవవలసినవి

స్ప్రింగు గట్టితనం తెలుసుకోవడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. బండిని చదునైన కాంక్రీటు మీద నిలిపి, వెనక ఫెండర్ అంచు నుంచి చక్రం మధ్య వరకు ఉన్న దూరాన్ని రెండు పక్కలా రాసుకోండి. 50 కిలోల సిమెంటు బస్తాలు నాలుగింటిని సరిగ్గా వెనక హౌసింగ్‌కు పైన వచ్చేలా పెట్టి, బండిని నాలుగైదుసార్లు ఊపి వదిలి మళ్లీ కొలవండి. 200 కిలోలకు 40 మిల్లీమీటర్లు దిగిందనుకుంటే ఆ ఇరుసు గట్టితనం మిల్లీమీటరుకు 5 కిలోలు. కాటా మీద వెనక ఇరుసు 850 కిలోలు తూగి, అందులో హౌసింగ్, చక్రాల బరువు 200 కిలోలు పోగా స్ప్రింగుల మీద పడేది 650 కిలోలైతే, 650ని 5తో భాగించగా 130 మిల్లీమీటర్లు, అంటే 13 సెంటీమీటర్లు వస్తుంది. ఈ సెంటీమీటర్ల వర్గమూలంతో 5ను భాగిస్తే బండి సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో తెలుస్తుంది. ఇక్కడ అది సుమారు 1.4. మెత్తటి అమరిక వేసినప్పుడు అవే బస్తాలకు 55 మిల్లీమీటర్లు దిగితే ఊపు సుమారు 1.2కు తగ్గుతుంది. ఈ లెక్కను ముందు ఇరుసుకు కూడా వేయండి. గతుకు ముందు చక్రాలకు మొదట తగులుతుంది కాబట్టి వెనక ఊపు ముందుదానికంటే కొంచెం వేగంగా ఉంటేనే రెండూ త్వరగా కలిసి బండి చదునుగా సాగుతుంది. వెనక మాత్రమే మెత్తబరచిన బండి తొట్టిలా ముందుకూ వెనక్కూ ఊగడానికి కారణం ఇదే, దాన్ని షాక్ అబ్జార్బర్ల తప్పుగా పొరబడి మార్చినవారిని చాలామందిని చూశాను.

కమాన్ కట్టల విషయంలో బస్తాలు పెడుతున్నప్పుడు వచ్చే కొలతకూ, దించుతున్నప్పుడు వచ్చే కొలతకూ తేడా ఉంటుంది. ఆకుల మధ్య రాపిడి వల్ల వచ్చే ఆ తేడాను కూడా రాసుకోండి, లెక్కకు సగటు తీసుకోండి. ఆ రాపిడి కొంతవరకు షాక్ అబ్జార్బర్ పనే చేస్తుంది గాని, దుమ్మూ తుప్పూ పట్టిన కట్టలో చిన్న గతుకులకు స్ప్రింగు కదలకుండా బిగుసుకుపోయి కుదుపంతా ఛాసిస్‌కు ఎక్కుతుంది. అందుకే పాత కట్టను కొత్త కాయిల్‌తో పోల్చడం న్యాయం కాదు. ముందు కట్టను విప్పించి, ఆకులను శుభ్రం చేయించి, కొత్త బుష్‌లు, కొత్త సెంటర్ బోల్టు వేయించి, ఆ తరువాతే పోలిక మొదలుపెట్టాలి.

చక్రం ఎంత పైకి, ఎంత కిందికి కదలగలదో చూడడానికి 20 డిగ్రీల వాలు గట్టి ర్యాంపు కావాలి. ఒక ముందు చక్రాన్ని దాని మీదికి నెమ్మదిగా ఎక్కించి, మిగిలిన మూడింటిలో ఏదో ఒకటి నేల విడవబోయే క్షణంలో ఆపి, ర్యాంపు మీద ఎక్కిన దూరాన్ని కొలిచి, వీల్‌బేస్‌తో భాగించి 1000తో హెచ్చించాలి. వీల్‌బేస్ 2450 మిల్లీమీటర్లు ఉన్న బండి 1350 మిల్లీమీటర్లు ఎక్కితే అంకె సుమారు 551. ఆ స్థితిలోనే కిందికి వంగి బ్రేక్ గొట్టాలు సాగి బిగుసుకున్నాయా, టైరు ఫెండర్‌కు రాసుకుంటోందా, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేరుబాక్సు నుంచి ఇరుసుకు శక్తిని చేరవేసే కడ్డీ) జాయింటు కోణం అతిగా పెరిగిందా అన్నది టార్చి వేసి చూడాలి. అలా చూసేటప్పుడు బండి కదలకుండా చక్రాలకు అడ్డు కట్టెలు తప్పనిసరిగా పెట్టాలి.

ఎత్తు పెంచినవారు ఈ లెక్కను కూడా వేసుకోవాలి. రెండు చక్రాల మధ్య వెడల్పును, గురుత్వ కేంద్రం ఎత్తుకు రెట్టింపుతో భాగిస్తే బండి స్థిరత్వానికి ఒక అంకె వస్తుంది. వెడల్పు 1520 మిల్లీమీటర్లు, కేంద్రం ఎత్తు 760 అయితే అది 1.0. అదే బండిని 100 మిల్లీమీటర్లు పైకి లేపితే 0.88కి పడిపోతుంది. స్ప్రింగులు ఎంత మంచివైనా ఈ నష్టాన్ని పూడ్చలేవు, వెడల్పు పెంచడమో బరువును కిందికి దించడమో చేయాలి.

నడిపి చూడవలసినవి

మలుపు పరీక్షకు గట్టి ఎర్రనేల ఉన్న విశాలమైన చోటును ఎంచుకుని, 20 మీటర్ల తాడుతో వృత్తం గీసి సున్నం చల్లించండి. స్టీరింగ్ పైభాగంలో ఒక టేపు ముక్క అంటించండి. గంటకు 15, 20, 25, 30 కిలోమీటర్ల వేగాల్లో గీత వెంట తిరుగుతూ, ప్రతి వేగంలో టేపు ఎంత తిరిగిందో పక్కన కూర్చున్నవారు రాయాలి. వేగం పెరిగేకొద్దీ స్టీరింగ్‌ను ఇంకా ఇంకా తిప్పవలసి వస్తే ముందు భాగం బయటికి జారుతోందని, తగ్గించవలసి వస్తే వెనక భాగం బయటికి తిరుగుతోందని అర్థం. ఈ రెండోది ఎత్తయిన బండికి చాలా ప్రమాదకరం. ఈ వృత్తం మీద 30 కిలోమీటర్ల వేగమంటే గురుత్వాకర్షణలో సుమారు 0.35 వంతు పక్కబలం, అంతకు మించి వెళ్లకండి. గులకనేల మీద బండి మొదట జారుతుంది కాబట్టి సమయం దొరుకుతుంది, గట్టినేల మీద జారకుండానే బోల్తా పడవచ్చు. రోల్ కేజ్ (బోల్తా పడినా మనుషులను కాపాడే ఇనుప చట్రం), సీటు బెల్టు, హెల్మెట్ లేకుండా ఈ పరీక్ష చేయకూడదు.

బండి ఎంత ఒరిగిందో కొలవడానికి ఫోనులోని వాలు చూపే యాప్‌ను నమ్మకండి. మలుపులో పక్కబలం కూడా దాని సెన్సారు మీద పనిచేస్తుంది కాబట్టి అది తప్పు కోణం చూపిస్తుంది. బయట స్టాండు మీద కెమెరా పెట్టి, బండి వెనక భాగం కెమెరాకు ఎదురుగా వచ్చిన క్షణంలోని చిత్రంలో వెనక తలుపు అంచుకూ నేలకూ మధ్య కోణాన్ని కొలవండి. వృత్తం వదిలి నేరుగా వచ్చేటప్పుడు స్టీరింగ్ మీద పట్టు సడలిస్తే అది తనంతట తాను నేరు స్థితికి వస్తోందా అన్నది కూడా గమనించాలి. హౌసింగ్ కిందికి దిగి కాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గిన బండిలో స్టీరింగ్ అలా తిరిగి రాదు, వేగం మీద బండి అటూ ఇటూ తడబడుతుంది. దానికి విరుగుడు కొత్త స్ప్రింగులు కావు, కంట్రోల్ ఆర్ముల (హౌసింగ్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే లింకుల) కోణాన్ని సరిచేయడం.

గతుకుల పరీక్షకు గనుల దగ్గర లారీలు తిరిగి అలలు అలలుగా మారిన ప్రైవేటు బాట సరిపోతుంది. 2 కిలోమీటర్లు 40 కిలోమీటర్ల వేగంతో నడిపి ఆపిన వెంటనే నాలుగు షాక్ అబ్జార్బర్ల వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో కొలవండి. అన్నింటికంటే చల్లగా ఉన్నది సాధారణంగా పాడైపోయినదే, ఎందుకంటే పని చేసే షాక్ అబ్జార్బరే వేడెక్కుతుంది. వేడిగా ఉన్నప్పుడే ఒక గట్టు దాటి బండి ఎన్ని ఊపులకు ఆగుతుందో లెక్కించి, చల్లగా ఉన్నప్పటి లెక్కతో పోల్చండి. ఆ రెండు లెక్కల మధ్య తేడా తక్కువగా ఉన్నదే మెరుగైన షాక్ అబ్జార్బర్.

బేతంచెర్ల, తాడిపత్రి వైపు నాపరాయి పొరలు మెట్లు మెట్లుగా తేలిన నేలలో అసలైన తేడా బయటపడుతుంది. 25 సెంటీమీటర్ల రాతి మెట్టును నిలిచిన చోటు నుంచి ఎక్కించి చూడండి. కమాన్ కట్టలో రెండు ఆకులు తీసేస్తే చక్రాల కదలిక పెరిగి ర్యాంపు మీద అంకె అందంగా వస్తుంది గాని, మెట్టు దగ్గర యాక్సిలరేటర్ తొక్కగానే పలచబడిన కట్ట మెలి తిరిగి, హౌసింగ్ ముక్కు పైకి లేచి, చక్రాలు పట్టు వదిలి ఎగరడం మొదలవుతుంది. పై లింకు సరిగా అమర్చిన కాయిల్ బండి ఇదే మెట్టును నెమ్మదిగా ఎక్కుతుంది. మరోవైపు, నిండు బస్తాలతో అదే మెట్టు దిగేటప్పుడు కాయిల్ బండి బంప్‌స్టాప్‌ల (సస్పెన్షన్ కదలిక చివర అడ్డుకునే రబ్బరు దిమ్మల) మీద కూర్చుంటే, కమాన్ కట్ట ఉన్న బండి దాన్ని దాటిపోతుంది. అందుకే ఖాళీగా ఒకసారి, బరువుతో ఒకసారి, రెండు సార్లూ నడపాలి. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు ఉన్నటువంటి ఇసుకలో సస్పెన్షన్ కంటే టైరు గాలిదే పెద్ద పాత్ర కాబట్టి దాని మీద ఎక్కువ సమయం పెట్టనక్కర్లేదు. వాన తరువాతి నల్లరేగడిలోనూ అంతే, అక్కడ టైరు పట్టే మన్నే తీర్పు చెబుతుంది.

మొదటి అమరికతో పరీక్షలన్నీ పూర్తయ్యాక రెండోది బిగించి నడపండి. ఆ తరువాత, ఎంత బద్ధకంగా అనిపించినా, మళ్లీ మొదటిదాన్ని బిగించి మలుపు, గతుకుల పరీక్షలు ఒకసారి చేయండి. ఈసారి మొదటి అంకెలే తిరిగి వస్తే తేడా నిజంగా సస్పెన్షన్‌దే. రాకపోతే మారినది నేల, టైర్ల గాలి లేదా డ్రైవరు నడిపే తీరు. షాక్ అబ్జార్బర్లను, ఆకులను, స్పేసర్లను మార్చినప్పుడు ఇది ఒక పూట పని. హౌసింగ్ బ్రాకెట్లే మార్చి కాయిల్ వేయించినవారికి వెనక్కి వెళ్లే వీలుండదు కాబట్టి, వారు మార్పుకు ముందు పాత అమరికను రెండు వేర్వేరు రోజుల్లో కొలిచి ఉంచుకోవాలి. ఆ రెండు రోజుల అంకెల మధ్య ఎంత తేడా ఉందో, కొత్త అమరిక తేడా అంతకంటే పెద్దదైతేనే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

ప్రతిసారి విప్పి బిగించేటప్పుడు రబ్బరు బుష్‌లు ఉన్న బోల్టులను బండి జాక్ మీద ఉండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాల మీద బరువు పడ్డాకే చివరి బిగింపు వేయాలి. మా బండికి ఒక వర్క్‌షాపులో గాలిలో ఉండగానే బిగించడం వల్ల షాకిల్ (కమాన్ కట్ట చివరను ఛాసిస్‌కు కలిపే కదిలే కొక్కెం) బుష్‌లు మెలి తిరిగిన స్థితిలో ఉండిపోయి, బండి ఒక పక్క ఎత్తుగా నిలబడింది, కొన్నాళ్లకే రబ్బరు చీలింది. అప్పటివరకు రాసిన ఎత్తు కొలతలన్నీ పనికిరాకుండా పోయాయి. కమాన్ కట్టల యూ బోల్టులను మొదటి 100 కిలోమీటర్ల తరువాత ఇంకోసారి బిగించి, నట్టు మీదా ప్లేటు మీదా కలిపి పెయింటుతో ఒక గీత గీయించండి. పరీక్ష ముగిసిన ప్రతి సాయంత్రం ఆ గీతలు విడిపోయాయేమో చూసిన తరువాతే ఆ రోజు అంకెలను పుస్తకంలోకి ఎక్కించండి.