శకాల లెక్క, 3వ పాఠం: నిండిన ఏళ్లు, నడుస్తున్న ఏళ్లు

పోయినసారి ఇచ్చిన లెక్క గుర్తుందా? మారథాన్ యుద్ధం క్రీ.పూ. 490లో జరిగింది, దానికి 2,500 ఏళ్లు ఎప్పుడు నిండుతాయి అని అడిగాను. 2010 అని వచ్చిందా? టెన్షన్ పడకండి, ఏథెన్స్‌లో మారథాన్ పరుగు జరిపేవాళ్లు కూడా 2010లోనే 2,500 ఏళ్ల ఉత్సవం చేసేశారు. అసలు జవాబు 2011. ఆ ఒక్క ఏడాది ఎక్కడ జారిపోయిందో ఇవాళ పట్టుకుందాం.

ముందు వయసు సంగతి చూడండి. ఎన్నేళ్లు అని అడిగితే "ఇరవై మూడు నిండాయి, ఇరవై నాలుగు నడుస్తోంది" అంటాం. ఒకే మనిషికి, ఒకే రోజున, రెండు అంకెలు, రెండూ నిజమే. శకాల్లో వచ్చే తికమకలో చాలా భాగం ఇదే: ఎదురుగా ఉన్న అంకె నిండినదా, నడుస్తున్నదా అని అడక్కుండానే కూడికలు మొదలుపెడతాం.

క్రీస్తు శకం నడుస్తున్న ఏళ్ల లెక్క. క్రీ.శ. 1 అంటే ఒక ఏడాది గడిచిందని కాదు, మొదటి ఏడు నడుస్తోందని. వెనక్కి లెక్కపెట్టినా అంతే, క్రీ.పూ. 1 అంటే దానికి ముందున్న మొదటి ఏడు. అందుకే ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి, మధ్యలో సున్నా ఏడాది లేదు. (క్రీ.శ. బదులు కొందరు సా.శ. అని రాస్తారు, అంకె మాత్రం మారదు.) 525లో ఈ లెక్కకు శ్రీకారం చుట్టిన డయొనీసియస్ ఎక్సిగస్ అనే సన్యాసి సున్నా పెట్టడం మరిచిపోయాడని చాలామంది ఆడిపోసుకుంటారు గానీ, నన్నడిగితే అది అన్యాయం. మొదటి ఏడు, రెండో ఏడు అని వరస చెప్పేటప్పుడు సున్నావ ఏడు అని ఎవరంటారు? పైగా ఆయన లెక్కపెట్టింది ముందుకే. క్రీస్తుకు ముందు ఇన్నో ఏడు అని వెనక్కి చెప్పడం ఎనిమిదో శతాబ్దపు ఇంగ్లండ్ సన్యాసి బీడ్ రాతల్లో కనిపిస్తుంది, అందరికీ అలవాటైంది ఇంకా చాలా ఆలస్యంగా.

సరే, కిటుకు ఏమిటంటే, క్రీ.పూ. అంకెలోంచి ఒకటి తీసేసి ముందు మైనస్ పెట్టండి. క్రీ.పూ. 1 సున్నా అవుతుంది, క్రీ.పూ. 2 మైనస్ 1 అవుతుంది, క్రీ.పూ. 490 మైనస్ 489. క్రీ.శ. అంకెల జోలికి వెళ్లొద్దు. ఇది ఖగోళ శాస్త్రజ్ఞుల పద్ధతి, 1740లో జాక్ కస్సీని తన పట్టికల్లో సున్నా ఏడాది వాడాడు. ఇక మామూలు కూడికే: మైనస్ 489కి 2,500 కలిపితే 2011.

రోమన్ చక్రవర్తి ఆగస్టస్ మీద దీన్ని ప్రయోగిద్దాం. పుట్టింది క్రీ.పూ. 63 సెప్టెంబర్ 23న, పోయింది క్రీ.శ. 14 ఆగస్టు 19న. పుట్టిన ఏడు మైనస్ 62, పద్నాలుగులోంచి దాన్ని తీసేస్తే 76. కానీ ఆ ఏడాది పుట్టినరోజు ఇంకా రాలేదు, నెల రోజుల పైన ఉంది. కాబట్టి 75 నిండి 76 నడుస్తుండగా పోయాడన్నమాట. 63, 14 కలిపి 77 అనేస్తే రెండేళ్లు ఎక్కువైపోతాయి.

ఇప్పుడు నిండిన ఏళ్ల వైపు వద్దాం. కలియుగంలో అరవై అరవైలు, అంటే 3,600 ఏళ్లు గడిచేసరికి తనకు 23 ఏళ్లు గడిచాయని ఆర్యభటుడు చెప్పుకున్నాడు. కలి మొదలు క్రీ.పూ. 3102, మన కిటుకు ప్రకారం మైనస్ 3101. ఆయన చెప్పింది నిండిన లెక్క కాబట్టి నేరుగా కలిపేయొచ్చు: 499. అందులో 23 తీస్తే పుట్టిన ఏడు 476. అదే "3600వ ఏడు నడుస్తోంది" అని ఉంటే నిండినవి 3,599 మాత్రమే, మనం 498లో తేలేవాళ్లం.

శక సంవత్సరానికి (అంటే శాలివాహన శకానికి) కూడా ఇదే పద్ధతి. నిండిన శక అంకెకు 78 కలపాలి. చాళుక్య రాజు రెండో పులకేశి కాలంలో రవికీర్తి రచించిన ఐహోళె శాసనం ఈ లెక్కకు బంగారు గని, ఎందుకంటే అందులో రెండు అంకెలున్నాయి: భారత యుద్ధం నుంచి 3,735 ఏళ్లు, శక రాజుల కాలంలో 556 ఏళ్లు గడిచాయని. భారత యుద్ధం నుంచి లెక్కను కలి లెక్కగానే తీసుకుంటారు. 3,735లోంచి 3,101 తీయండి, 556కి 78 కలపండి, రెండు దారుల్లోనూ 634 వస్తుంది. చైత్రంతో మొదలయ్యే ఏడాది కదా, చివరి నెలలు 635లో పడతాయి, అందుకే పుస్తకాల్లో 634–35 అని కనిపిస్తుంది.

రెండూ నిండిన అంకెలైతే కలికీ శకానికీ తేడా ఎప్పుడూ 3179. ఒకే శాసనంలో రెండూ కనిపిస్తే నేను ముందు చేసేది ఈ తీసివేతే. 3180 వస్తే కలి అంకె నడుస్తున్నదేమో, 3178 వస్తే శక అంకె నడుస్తున్నదేమో అని అనుమానించాలి. తేడా అంతకంటే పెద్దదైతే రాయి చదవడంలోనే ఏదో పొరపాటు ఉండొచ్చు.

మీకు పని. రోమన్ కవి వర్జిల్ క్రీ.పూ. 70 అక్టోబర్ 15న పుట్టాడు, ఇటలీలో రెండు వేల ఏళ్ల ఉత్సవం 1930లో చేశారు, సరైన ఏడాది ఏది? ఒకచోట కలి 4180, శకం 1000 అని ఉందనుకోండి, ఏది నడుస్తున్నది, క్రీ.శ. ఎంత? మూడోది కాస్త గట్టిది: హిజ్రీ శకం 622లో మొదలైంది, హిజ్రీ 1400 మొదలైంది 1979 నవంబర్‌లో. 622కి నిండిన 1,399 కలిపితే 2021 రావాలి కదా, మిగతా 42 ఏళ్లు ఏమయ్యాయి? హిజ్రీ ఏడాదికి 354 రోజులో 355 రోజులో మాత్రమే ఉంటాయన్నది గుర్తుపెట్టుకుని కాగితం మీద గీసి చూడండి, నాలుగో పాఠం అక్కణ్నుంచే మొదలుపెడతాను.