ఫెడోరాకి పొయెట్రీని ప్యాకేజ్ చేయాలంటే

ముందే పొయెట్రీ (పైథాన్ ప్రాజెక్టుల డిపెండెన్సీలు, ప్యాకేజింగ్ చూసుకునే టూల్) జోలికి వెళ్లకండి, పొయెట్రీ-కోర్‌తో (దాని బిల్డ్ భాగంతో) మొదలుపెట్టండి, ఎందుకంటే పొయెట్రీని బిల్డ్ చేసేది అదే, అది డిస్ట్రోలో, అంటే ఫెడోరా లినక్స్‌లో, లేకపోతే పని ఒక్క అడుగు కూడా ముందుకు పడదు. కోర్ మాత్రం తనను తానే బిల్డ్ చేసుకోగలదు.

కోర్ సోర్స్ విప్పి వెండర్ ఫోల్డర్ చూడండి. లార్క్ (టెక్స్ట్‌ని పార్స్ చేసేది) లాంటి వేరేవాళ్ల లైబ్రరీలు అందులోనే ఉంటాయి. రేపు లార్క్‌లో సెక్యూరిటీ లోపం బయటపడి డిస్ట్రోలో దాన్ని సరిచేసినా, ఈ లోపలి కాపీ పాతదిగానే ఉండిపోతుంది. కాబట్టి వీలైతే ఆ కాపీలను తీసేసి సిస్టమ్ లైబ్రరీలనే వాడుకునేలా చేయండి. కుదరకపోతే స్పెక్ ఫైల్‌లో (ప్యాకేజ్ ఎలా బిల్డ్ చేయాలో చెప్పే ఫైల్) ఒక్కోదాన్నీ వెర్షన్‌తో సహా బండిల్డ్ (లోపలే కలిపి ఉంది) అని రాయండి, లైసెన్సులు కూడా మర్చిపోవద్దు.

అసలు తలనొప్పి వెర్షన్లది. పైప్రాజెక్ట్ ఫైల్‌లో (ప్రాజెక్ట్ వివరాలు, డిపెండెన్సీలు రాసుండే ఫైల్) ఫలానా వెర్షన్ దాటకూడదని హద్దులుంటాయి, డిస్ట్రోలోనేమో మామూలుగా ఒకటే వెర్షన్, అదీ కొత్తది. ప్రెప్ దశలో (బిల్డ్‌కి ముందు సోర్స్‌ని సిద్ధం చేసే దశ) సెడ్ అనే టెక్స్ట్ మార్చే కమాండ్‌తో ఆ హద్దు సడలించండి, కానీ టెస్టులు నడపకుండా మాత్రం వదలొద్దు. మాక్‌లో (ప్యాకేజ్‌ని విడిగా, శుభ్రమైన వాతావరణంలో బిల్డ్ చేసే టూల్) బిల్డ్ అయ్యేటప్పుడు నెట్ ఉండదు కదా, అందుకని నెట్ అడిగే టెస్టులను మాత్రం పేరుపేరునా పక్కన పెట్టండి. టెస్టులు మొత్తం ఆపేయడం నాకు అస్సలు నచ్చదు. మిగతాది పైప్రాజెక్ట్ మ్యాక్రోలు (స్పెక్ ఫైల్‌లో వాడే రెడీమేడ్ కమాండ్లు) చూసుకుంటాయి.