వాపుకు మాత్ర వేసుకునే ముందు: ఏ వాపు, ఎందుకు, ఏం చేయాలి

"అన్నా, వాపుకు ఒక మాత్ర ఇవ్వు." నెల్లూరు చుట్టుపక్కల ఏ మందుల షాపులో నిలబడినా కాసేపట్లో ఈ మాట వినపడుతుంది. కాలు బెణికినాయన, బొటనవేలు వాచినాయన, వేళ్లు ముడవలేనావిడ, అందరూ అడిగేది ఆ మాత్రే. కానీ వాపు ఒక జబ్బు కాదు. ఒంట్లో ఏదో తేడా జరిగినప్పుడు శరీరం మొదలుపెట్టే మరమ్మతు పని.

దెబ్బ తగిలినా, క్రిమి చొరబడినా అక్కడి కణాలు హిస్టమిన్, ప్రోస్టాగ్లాండిన్ లాంటి రసాయనాలు వదులుతాయి. సన్నటి రక్తనాళాలు వెడల్పయి చోటు ఎర్రబడి వేడెక్కుతుంది. వాటి గోడల్లోంచి నీరు ఊరి వాపు వస్తుంది. నరాలు సున్నితమై నొప్పి పుడుతుంది. ఆ దారినే తెల్ల రక్తకణాలు వచ్చి క్రిములనూ చచ్చిన కణాలనూ మింగేస్తాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి వాపు, నొప్పి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్ తయారీకి అడ్డుపడతాయి, అంతే. అసలు కారణాన్ని ముట్టుకోవు. పారాసెటమాల్ నొప్పికీ జ్వరానికీ బాగానే పనిచేస్తుంది గానీ వాపు మీద దాని జోరు తక్కువ.

కాలు మడత పడింది, చీలమండ వాచింది

కీలును పట్టి ఉంచే లిగమెంట్ సాగి ఉంటుంది. ఐస్ ముక్కలు గుడ్డలో చుట్టి పావుగంట పెట్టండి, క్రేప్ బ్యాండేజ్ చుట్టండి, కాలు దిండు మీద ఎత్తి ఉంచండి. మొదటి రెండు రోజులు వేడి కాపడం, నూనె మర్దన వద్దు. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ముందు ఎక్స్‌రే తీయించండి. పుత్తూరు కట్టుకు బస్సెక్కే ఆలోచన ఉన్నా సరే, ఎక్స్‌రే తర్వాతే.

రొయ్య ముల్లు గుచ్చుకుంది, మర్నాటికి చెయ్యి ఎర్రగా ఉబ్బింది

ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు గుంటల్లో పట్టుబడి చేసేవాళ్లకు ఇది తెలిసిన బాధే. వెనామీ రొయ్య తల మీది ముల్లు చిన్న రంధ్రమే చేస్తుంది, కానీ ఉప్పునీటి బ్యాక్టీరియాను లోపలికి దింపుతుంది. గుచ్చుకున్న వెంటనే సబ్బుతో, ధారగా పడే మంచినీటితో బాగా కడగాలి. మర్నాటికి ఎరుపు కనపడితే దాని అంచు చుట్టూ పెన్నుతో గీత గీయండి. గీత దాటి పాకినా, చలిజ్వరం వచ్చినా, బొబ్బలు లేచినా, పైకి కనిపించేదానికంటే నొప్పి విపరీతంగా ఉన్నా పొద్దున దాకా ఆగొద్దు, ఆసుపత్రికి పోవాలి. షుగర్ ఉన్నవాళ్లూ, లివర్ జబ్బు ఉన్నవాళ్లూ గీత దాకా కూడా ఆగొద్దు. ఇక్కడ కావాల్సింది యాంటీబయాటిక్, టీటీ ఇంజెక్షన్. చీము పట్టి ఉంటే కోసి తీయాలి. నొప్పి మాత్ర ఒక్కటే వేసుకుంటే నొప్పి, జ్వరం తగ్గినట్టుంటాయి, లోపల క్రిమి మాత్రం దాని పని అది చేసుకుంటూ పోతుంది.

అర్ధరాత్రి బొటనవేలు మండిపోతోంది, దుప్పటి తగిలినా ఓర్చుకోలేం

ఎక్కువగా ఇది గౌట్. రక్తంలో పెరిగిన యూరిక్ యాసిడ్ కీలులో సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకుంటుంది. తెల్ల రక్తకణాలు వాటిని మింగబోయి రెచ్చిపోతాయి. నొప్పి ఉన్నప్పుడు చేసిన పరీక్షలో యూరిక్ యాసిడ్ మామూలుగానే రావచ్చు, దాన్ని చూసి గౌట్ కాదని తేల్చేయొద్దు. అప్పటికి కోల్చిసిన్, నొప్పి మందులు, లేదా కొద్ది రోజుల స్టెరాయిడ్, ఏది సరిపోతుందో డాక్టర్ చెప్పాలి. మాటిమాటికీ వస్తుంటే ఫెబుక్సోస్టాట్ లేదా అల్లోప్యూరినాల్ రోజూ వాడి యూరిక్ యాసిడ్‌ను డెసిలీటరు రక్తానికి 6 మిల్లీగ్రాముల లోపు ఉంచాలి. బీరు మానాలి, మాంసం, లివర్, రొయ్యలు తగ్గించాలి. జ్వరంతో పాటు కీలు వాస్తే అది కీలులో ఇన్ఫెక్షన్ కావచ్చు. అప్పుడు సూదితో నీరు తీసి పరీక్షించాల్సిందే.

పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోతాయి, గంట దాటితే గానీ చెంబు పట్టలేం

రెండు చేతుల చిన్న కీళ్లూ వాచి, ఆరు వారాలు దాటినా తగ్గకపోతే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని అనుమానించాలి. రోగనిరోధక శక్తి తన కీళ్ల మీదే తిరగబడే జబ్బు ఇది. ఈఎస్ఆర్, సీఆర్‌పీ, ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే రక్తపరీక్షలు చేయిస్తారు.

మా వైపు పేచీ అంతా ఇక్కడే. ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్ వేయించుకుంటే మర్నాడు లేచి కల్లాపి చల్లేస్తారు. "ఆయన చేతి వాసి మంచిది" అని ఊరంతా పేరు. అందులో చాలాసార్లు ఉండేది స్టెరాయిడ్. 1948లో అమెరికాలో ఫిలిప్ హెంచ్ బృందం ఈ జబ్బుకే కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చినప్పుడూ మంచం దిగలేని రోగి కొద్ది రోజుల్లో నడిచింది, 1950లో నోబెల్ వచ్చింది. వాడుతూ పోయేకొద్దీ ముఖం ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం, షుగర్ పెరగడం బయటపడ్డాయి. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు, సరైన మోతాదులో కొన్నాళ్లు డాక్టర్లే ఇస్తారు. ఏం వేశారో తెలియకుండా నెలనెలా వేయించుకోవడమే ప్రమాదం. వారాల తరబడి వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే.

కీలు అరగకుండా కాపాడేది మెథోట్రెక్సేట్ లాంటి మందు. గుణం కనపడటానికి వారాలు పడుతుంది. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణాల మీదికి వస్తుంది. ఏ రోజో స్ట్రిప్ మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి, "బుధవారం మాత్రమే" అన్నట్టు. గర్భం కోసం చూస్తున్నవాళ్లు ముందే డాక్టర్‌కు చెప్పాలి.

వాపు లేదు, ఎరుపు లేదు, నడుము మాత్రం వంగదు

కనిగిరి వైపు పల్లెల్లో బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లలో ఫ్లోరోసిస్ ఉందేమో చూడాలి. ఫ్లోరైడ్ ఎముకల్లో, లిగమెంట్లలో పేరుకుని బిగదీస్తుంది. నొప్పి మాత్ర కాసేపు ఉపశమనం ఇస్తుంది గానీ బిగుసుకున్న నడుమును వదులు చేయలేదు. నీటిని పరీక్ష చేయించి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగే నీరు మార్చాలి. ఆ వైపు కిడ్నీ జబ్బులూ ఎక్కువే. కిడ్నీకి రక్తం అందేలా చూసే ప్రోస్టాగ్లాండిన్లను కూడా నొప్పి మాత్రలు ఆపేస్తాయి, ఎండలో చెమటోడ్చినవాళ్లకు అది మరింత దెబ్బ. నెలల తరబడి ఈ మాత్రలు మింగినవాళ్లు మళ్లీ కొనే ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి.