టర్బో డీజిల్ కారు లాగడం లేదా? ముందు వాక్యూమ్ పైపులు చూడండి

పదేళ్లు దాటిన టర్బో డీజిల్ కారు వారధి ఎక్కేటప్పుడు లాగడం లేదంటే టర్బో పోయిందని కంగారు పడకండి. చాలాసార్లు దోషం పెన్సిల్ లావు వాక్యూమ్ పైపుదే. బెజవాడ ఎండకి, ఇంజిన్ వేడికి రబ్బరు గట్టిపడి, నిపుల్ (పైపు తొడిగే చిన్న గొట్టం) మీద కూర్చునే చివర సన్నగా చీలుతుంది. పైకి బాగానే ఉంటుంది, వంచి చూస్తేనే పగులు నోరు తెరుస్తుంది. అక్కడ గాలి దూరితే టర్బోని అదుపు చేసే యాక్చుయేటర్‌కి వాక్యూమ్ చాలదు, బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) పడిపోతుంది.

ఇంజిన్ చల్లారాక ఫోటో తీసుకుని ఒక్కో పైపే మార్చండి. అన్నీ ఒకేసారి పీకితే సోలనాయిడ్ (వాక్యూమ్‌ని అదుపు చేసే కరెంటు వాల్వు) దగ్గర తారుమారవుతాయి. పాత పైపుని ప్లయర్‌తో లాగొద్దు. పెళుసెక్కిన ప్లాస్టిక్ నిపుల్ విరిగిందంటే సోలనాయిడ్ మొత్తం కొనాలి! బ్లేడుతో పొడవునా చీరి ఒలిచెయ్యండి, నిపుల్ మీద గీత పడనివ్వకండి.

ఆటోనగర్‌కి పాత ముక్క తీసుకెళ్లండి. చివర సాగిపోయి ఉంటుంది కాబట్టి మధ్యలో కోసి లోపలి కొలత చూపించండి, ఎక్కువగా 3 నుంచి 4 మి.మీ. ఉంటుంది. గోడ పల్చగా ఉన్న సిలికాన్ పైపు వాక్యూమ్‌కి లోపలికి నొక్కుకుపోతుంది. ఆయిల్ ఆవిరి తగిలే చోట మామూలు సిలికాన్ అసలు వద్దు, ఉబ్బి జారిపోతుంది. బ్రేకు తేలిగ్గా పడేలా చేసే బ్రేక్ బూస్టర్ పైపుకి మాత్రం కంపెనీదే వెయ్యండి.

చివరగా చేతి వాక్యూమ్ పంపుతో యాక్చుయేటర్ పైపులో 500 మి.మీ. మెర్క్యురీ దాకా లాగండి. యాక్చుయేటర్ రాడ్ కదలాలి, పంపు మీటరు సూది నిమిషం పాటు నిలవాలి. కొత్త పైపుతో కూడా సూది జారుతుంటే యాక్చుయేటర్ లోపలి రబ్బరు పొర (డయాఫ్రమ్) చిరిగి ఉండొచ్చు.