సంక్రాంతికి సైకిళ్లు కారు మీద తెస్తున్నారా? బయలుదేరే ముందే చూసుకోవాల్సినవి

పండక్కి ఊరొచ్చే చిన్న కార్ల మీద ఈ మధ్య సైకిళ్లు బాగానే కనబడుతున్నాయి. చాలా సంతోషం. కోనసీమ కాలువ గట్లు, చేలగట్లు పొద్దున్నే సైకిల్ మీద తిరిగితేనే బాగుంటాయి. పిల్లలు ఫోను పక్కన పెట్టి తాతగారి ఊరంతా చుట్టొస్తారు. అయితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. హైదరాబాద్ నుంచి సుమారు 400 కిలోమీటర్లు హైవే మీద క్షేమంగా వచ్చిన సైకిళ్లకి అసలు గండం రావులపాలెం దాటి లోపలి రోడ్లలోకి తిరిగాకే మొదలవుతుంది. అందరూ బరువు గురించి ఆలోచిస్తారు, తాళం గురించి ఆలోచిస్తారు. ఎత్తు గురించి ఆలోచించేవాళ్లు తక్కువ.

లెక్క చూడండి. స్విఫ్ట్ లాంటి కారు ఎత్తు సుమారు 1.53 మీటర్లు. వ్యాగన్ఆర్ అయితే 1.67 దాకా ఉంటుంది. దాని మీద క్రాస్ బార్లు (పైకప్పుకి అడ్డంగా బిగించే కమ్మీలు), సైకిల్ చక్రాలు కూర్చునే ట్రే కలిపి ఇంకో పది పన్నెండు సెంటీమీటర్లు. సైకిల్‌ని నిలబెట్టి బిగిస్తే హ్యాండిల్ దాకా మీటరుకు పైమాటే. అంటే స్విఫ్ట్ మీద దగ్గర దగ్గర 2.7 మీటర్లు, వ్యాగన్ఆర్ మీద 2.8 దాటుతుంది. దగ్గర దగ్గర తొమ్మిది అడుగులు, తొమ్మిదింబావు అడుగులు అన్నమాట. రాజమండ్రిలోనో కాకినాడలోనో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి ఈ బండి దూరదు. పెంకుటింటి చూరు, కొత్త ఇంటి పోర్టికో, లారీలు రాకుండా కొన్ని చిన్న వంతెనల దగ్గర అడ్డంగా పెట్టిన ఇనుప కమ్మీ, అన్నీ తగిలేవే. కిందటి పండక్కి మా వీధిలో ఒక అల్లుడుగారు కారు నేరుగా పోర్టికోలోకి పోనిచ్చారు. సైకిల్ ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు వంగింది, క్రాస్ బారు కాలు డోరు పైన రేకుని లోపలికి నొక్కేసింది, పోర్టికో అంచు పెచ్చులూడింది. బండి మెల్లగా పోతోంది కాబట్టి అంతటితో సరిపోయింది. రాత్రంతా డ్రైవ్ చేసి ఇల్లు చేరిన సంతోషంలో, పైన సైకిల్ ఉందన్న సంగతి ఎవరికైనా మరుపొస్తుంది.

అందుకే సైకిల్ బిగించాక టేపుతో నేల నుంచి హ్యాండిల్ చివరిదాకా కొలవండి. ఆ అంకె కాగితం మీద రాసి స్టీరింగ్ వెనక, కళ్లకు కనబడేచోట అంటించండి. ఇంటి గేటు దగ్గర ఎవరో ఒకరు దిగి, ముందు నడుస్తూ పైకి చూడాలి. ఈ పని పిల్లలకు అప్పగించొద్దు.

కరెంటు వైర్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి. రోడ్డు దాటే ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) లైను నిబంధన ప్రకారం 5.8 మీటర్ల ఎత్తున ఉండాలి. ఆ లైనుతో మీకు ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా స్తంభం నుంచి ఇంటికి లాగిన సర్వీసు వైరుతోనే. సందు ఈ పక్క నుంచి ఆ పక్కకి, కొబ్బరి మట్టల బరువుకి సాగి, ఏళ్ల తరబడి కిందికి జారి ఉంటుంది. అతుకు వేసినచోట తొడుగు ఊడి రాగి కనబడుతూ ఉంటుంది. దానికి తోడు పండగ రోజుల్లో సీరియల్ సెట్లు, మైకు వైర్లు, కేబుల్ వైర్లు, తోరణాలు. సైకిల్ ఇనుము, క్యారియర్ ఇనుము, కారు ఇనుము. ఒకవేళ వైరు తెగి కారు మీద పడితే లోపలున్నవాళ్లు కదలకుండా లోపలే ఉండాలి. ఒక కాలు కింద పెట్టి, చెయ్యి డోరు మీద ఉంచితే ప్రాణం పోతుంది. చుట్టూ జనం దగ్గరికి రాకుండా కేకేసి చెప్పండి, 1912కి ఫోన్ చేసి సరఫరా ఆపించండి. మంట లేచి దిగక తప్పకపోతే మాత్రం కారునీ నేలనీ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్లూ దగ్గరపెట్టి ఒక్క దూకు దూకాలి. ఆ తర్వాత కాళ్లు ఎడం చెయ్యకుండా చిన్న చిన్న గెంతులతో దూరం జరగాలి.

ఇక కారు సంగతి. కొత్తగా చిన్న కారు కొనాలనుకునేవాళ్లు సైకిళ్లు కూడా లెక్కలో పెట్టుకునే షోరూముకి వెళ్లండి. మైలేజీ ఎంత అని అడిగినట్టే, పైకప్పు ఎంత మొయ్యగలదని అడగండి. ఓనర్స్ మాన్యువల్‌లో ఏముందో చూపించమనండి. చిన్న కార్లలో చాలావాటికి అది 50 కిలోల చుట్టుపక్కలే ఉంటుంది, అందులో క్యారియర్ బరువు కూడా కలిసే ఉంటుంది. క్రాస్ బార్లు అయిదు కిలోలు, ఒక్కో ట్రే నాలుగు అనుకుంటే రెండు సైకిళ్లకి పదమూడు కిలోలు అక్కడే పోయాయి. గేర్ల సైకిల్ ఒక్కోటి పదిహేను కిలోలు వేసుకోండి, మొత్తం 43. సరిపోయింది. మూడోది మాత్రం వద్దు. నాన్నగారి కాలం నాటి నల్ల సైకిల్ ఒక్కటే ఇరవై కిలోలు దాటుతుంది. ట్రేకి కూడా విడిగా ఒక హద్దు ఉంటుంది, మామూలుగా 17 నుంచి 20 కిలోలు. కాబట్టి దాన్ని పైకెక్కించకండి.

కొన్ని కార్లకి పైన రెండు పక్కలా రైల్స్ కనబడతాయి. అవి ఉన్నాయి కదా అని సంబరపడొద్దు. అందం కోసం అతికించినవి కూడా ఉంటాయి. బరువుకి పనికొస్తాయో లేదో మాన్యువల్‌లో రాసి ఉండాల్సిందే, సేల్స్ కుర్రాడి మాట చాలదు. రైల్స్ లేని స్విఫ్ట్, బలెనో, ఆల్టో లాంటి వాటికి క్రాస్ బారు కాళ్లు డోరు తెరిస్తే కనబడే పైఅంచుకి పట్టుకుంటాయి. ఆ క్లాంపులు మీ కారు మోడల్‌కి, మీ కారు సంవత్సరానికి చేసినవే కావాలి. ‘అన్ని కార్లకీ సరిపోతుంది’ అని అమ్మేవాటి జోలికి పోవద్దు. కాలి కింద రబ్బరు పూర్తిగా ఆనిందో లేదో వంగి చూడండి. ఇసుక రవ్వ ఉన్నా పెయింటు గీసుకుపోతుంది. బిగించాక డోరు మూసి రబ్బరు బీడింగ్ వెంబడి నీళ్లు పోసి చూడండి, లోపలికి కారితే సరిగ్గా కూర్చోలేదని అర్థం. సన్‌రూఫ్ ఉన్న కారైతే క్యారియర్ ఉన్నన్నాళ్లూ దాన్ని తెరవకపోవడమే మంచిది.

ఒక్క సైకిలే అయితే నా సలహా వేరు. ముందు చక్రం తీసి, వెనక సీటు మడిచి కారు లోపలే పెట్టండి. వ్యాగన్ఆర్ లాంటి ఎత్తు కారులో సీటు 60:40గా, అంటే రెండు ముక్కలుగా మడిచే రకమైతే సైకిలూ పడుతుంది, వెనక ఒక మనిషీ కూర్చోవచ్చు. గాలి గొడవ లేదు, వైర్ల టెన్షన్ లేదు. డిస్క్ బ్రేకు సైకిలైతే చక్రం తీశాక ప్యాడ్ల మధ్య అట్టముక్క పెట్టండి, దారిలో బ్రేకు లివరు నొక్కుకుపోయినా ప్యాడ్లు అతుక్కోవు.

వెనక డిక్కీకి పట్టీలతో వేలాడదీసే ర్యాకులు చవక. ఎత్తు సమస్య ఉండదు. కానీ నంబర్ ప్లేటు, వెనక లైట్లు కప్పేస్తే పోలీసులు ఆపడం అలా ఉంచి, పొగమంచులో వెనకొచ్చే లారీకి మీరు కనబడరు. టైరు సైలెన్సర్ గొట్టానికి ఎదురుగా వేలాడితే వేడికి పాడవుతుంది. డిక్కీ పైన రెక్కలాంటి స్పాయిలర్ ఉన్న కార్లకి కొక్కేలు సరిగ్గా పట్టవు.

గోనెసంచులు పరిచి, సైకిల్‌ని పడుకోబెట్టి నైలాన్ తాడుతో కట్టడం మాత్రం మానెయ్యండి. పెడల్ రేకుని సొట్ట పెడుతుంది. నైలాన్ తడిస్తే సాగుతుంది. తెల్లవారుజాము మంచుకి తడిసిన తాడు తణుకు వచ్చేసరికి వదులవుతుంది. కొక్కేల ఎలాస్టిక్ తాళ్లు ఇంకా ప్రమాదం, చెయ్యి జారితే కొక్కెం కంట్లో గుచ్చుకుంటుంది.

బిగించాక సైకిల్‌ని ఒక చేత్తో, కారు పైఅంచుని ఇంకో చేత్తో పట్టుకుని గట్టిగా ఊపండి. కారు మొత్తం ఊగాలి. సైకిల్ ఒక్కటే ఊగిందంటే ఏదో వదులుగా ఉన్నట్టే. బుట్ట, బాటిల్, పంపు, లైటు తీసి లోపల పెట్టండి. మంచు పడుతుందని పైన టార్పాలిన్ కప్పకండి, గాలికి అది తెరచాప అవుతుంది. మొదటి 30 కిలోమీటర్లకి ఒకసారి ఆపి పట్టీలన్నీ మళ్లీ లాగాలి. ఆ తర్వాత టీకి దిగిన ప్రతిసారీ చూడాలి.

వేగం 80 దాటొద్దు. 80 నుంచి 100కి పోతే గాలి తోపుడు ఒకటిన్నర రెట్లు మించుతుంది. సిద్ధాంతం దగ్గర వశిష్ట మీద, రావులపాలెం–జొన్నాడ మధ్య గౌతమి మీద, యానాం–ఎదుర్లంక వంతెన మీద గాలి పక్క నుంచి కొడుతుంది. అక్కడ 60కి దించి, రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచండి. వంతెన మీద బస్సుని ఓవర్‌టేక్ చెయ్యొద్దు. బస్సు చాటు నుంచి బయటపడగానే గాలి ఒక్కసారిగా తోసేస్తుంది.

సఖినేటిపల్లి–నరసాపురం పంటు (బండ్లని గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కేవాళ్లు దింపుడు దగ్గర కాస్త ఆగండి. ముందు బండి పూర్తిగా ఎక్కాకే మీరు కదలండి. పలక మీద ముందు చక్రాలు ఎక్కేటప్పుడు కారు ఒక పక్కకి ఒరుగుతుంది, పైన బరువుంటే ఆ ఒరుగుడు ఎక్కువ. క్లచ్ ఒక్కసారిగా వదలకండి.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాలనుకుంటే సైకిళ్లు ఇంటి దగ్గర దించేసే కారు తియ్యండి. ఆ రోజు ప్రభలు వచ్చే దారుల్లో జనం కిక్కిరిసి ఉంటారు, వెనక్కి తిప్పుకునే చోటే దొరకదు.

బండి కొబ్బరిచెట్టు కింద పెట్టొద్దని ఊళ్లోవాళ్లకి చెప్పక్కర్లేదు, వచ్చేవాళ్లకే చెప్పాలి. కాయే పడనక్కర్లేదు, ఎండుమట్ట చాలు అద్దం పగలడానికి. అంతర్వేది, ఓడలరేవు వైపు వెళ్లొస్తే అదే రోజు సాయంత్రం మంచినీళ్లతో సైకిల్ చైనూ, క్యారియర్ నట్లూ కడిగి, ఆరాక నూనె రాయండి. ఉప్పుగాలి పట్టిన నట్లు మళ్లీ సంక్రాంతికి విప్పబోతే పట్టేసుంటాయి. పండగ అయ్యాక క్యారియర్ ఊడదీసి అటక మీద పెట్టెయ్యండి, ఉత్తినే మోసుకు తిరిగితే పెట్రోలు దండగ.