ఎడారి మట్టిలో కొత్త బాక్టీరియా – 3వ పాఠం: దొరికింది నిజంగా కొత్త జాతేనా?

పోయిన పాఠంలో పలచటి ఆర్2ఏ (పోషకాలు తక్కువగా ఉండే మీడియం) ప్లేట్ల మీద వారాల తరబడి ఓపిక పట్టి, మెల్లగా పెరిగిన ఒక గులాబీ కాలనీని శుద్ధ కల్చర్‌గా విడదీశాం. దాని 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువు సీక్వెన్స్ చేతికొచ్చింది అనుకుందాం. బాక్టీరియాలన్నిటిలో ఉండే ఈ జన్యువుతోనే వాటిని గుర్తుపడతారు; సీక్వెన్స్ అంటే అందులోని డీఎన్‌ఏ అక్షరాల (బేస్‌ల) వరుస.

రంగును బట్టి అది ఏ ప్రజాతిదో తేల్చేయకండి. డైనోకాకస్ అనే ప్రజాతి బాక్టీరియాలు చాలావరకు గులాబీ, ఎరుపు రంగుల్లో ఉంటాయి. కానీ సహారా ఇసుకలో దొరికి, 2005లో పేరు పొందిన డైనోకాకస్ డెజర్టీ కాలనీలు తెల్లగా ఉంటాయి.

ముందు క్రొమాటోగ్రామ్, అంటే సీక్వెన్స్ చదివిన యంత్రం ఇచ్చిన గ్రాఫ్ తెరవండి. రెండు చివర్లా పీకులు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన భాగం కత్తిరించండి. ఈ పనికి మాత్రం బద్ధకించొద్దు. 1,450 బేస్‌లలో 10 తప్పుగా చదివినా దాదాపు 0.7 శాతం తేడా వచ్చేస్తుంది. పాత జాతినే కొత్తదనుకుని నెలల శ్రమ పోగొట్టుకోవడానికి అది చాలు.

తర్వాత పోలిక. టైప్ స్ట్రెయిన్లతోనే పోల్చండి, అంటే జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారంగా నిలిపిన స్ట్రెయిన్లతో. డేటాబేస్‌లలో తప్పుడు పేర్లతో ఉన్న సీక్వెన్సులూ ఉంటాయి. మన కల్చర్‌కి అతి దగ్గరి టైప్ స్ట్రెయిన్‌తో 1,450 బేస్‌లకు 29 తేడాలు వచ్చాయనుకోండి. పోలిక 98 శాతం. జాతులను వేరు చేయడానికి సాధారణంగా వాడే హద్దు 98.7 శాతం; ఇది అంతకన్నా తక్కువ కాబట్టి కొత్త జాతి అనడానికి గట్టి ఆధారమే.

మరి 99.5 వస్తే? చాలామంది అక్కడితో వదిలేస్తారు. అలా వదిలేసిన కల్చర్లను తలచుకుంటే నాకు బాధేస్తుంది. బాసిల్లస్ గ్లోబిస్పోరస్, బాసిల్లస్ సైక్రోఫిలస్ అని అప్పట్లో పిలిచిన రెండు జాతుల మధ్య 16ఎస్ పోలిక 99.5 శాతం పైనే ఉందని 1992లో తేలింది. మొత్తం డీఎన్‌ఏని హైబ్రిడైజ్ చేస్తే, అంటే రెండింటి డీఎన్‌ఏ పోగులు ఎంతవరకు జతకడతాయో చూస్తే మాత్రం పోలిక 50 శాతం దాటలేదు. ఒకే జాతి అనాలంటే ఈ పోలిక 70 శాతం కావాలి. 16ఎస్ చాలా నెమ్మదిగా మారే జన్యువు, దగ్గరి జాతులను విడదీయలేదు.

అందుకే మొత్తం జీనోమ్ చదివించాలి. రెండు జీనోమ్‌లలో ఉమ్మడి భాగాల సగటు పోలికను ఏఎన్‌ఐ అంటారు. అది 95–96 శాతం కన్నా తక్కువైతే జాతి వేరు. కొవ్వు ఆమ్లాలు, క్వినోన్లు, పోలార్ లిపిడ్ల పరీక్షలు కూడా చేయాలి. వాటి సంగతి 4వ పాఠంలో.

అభ్యాసం: ‘అ’ కల్చర్‌కి 16ఎస్ 99.2, ఏఎన్‌ఐ 89. ‘ఆ’ కల్చర్‌కి 16ఎస్ 98.9, ఏఎన్‌ఐ 97.4. ఏది కొత్త జాతి? ఎందుకో కూడా రాసి, వచ్చే పాఠం నాటికి దగ్గర ఉంచుకోండి.